పేరు పోయి అంకె మిగిలిన సోమవారం

నీళ్ళ ఆఫీసులో ఆమెను అందరూ తాళాల మేడమ్ అంటారు. నిజానికి ఆమె దగ్గర తాళాల గుత్తి లేనే లేదు. ఉన్న ఒక్క తాళంచెవి స్కూటర్‌ది, దాన్ని కూడా వారానికి రెండుసార్లు ఎక్కడో పెట్టి మర్చిపోతుంది. అయినా పేరు నిలిచిపోయింది. ఆఫీసు సర్వర్‌లో ఎవరు ఏ ఫైలు చదవొచ్చు, ఎవరు అందులో రాయొచ్చు, ఎవరు తలుపు దగ్గరే ఆగిపోవాలి అన్నది తేల్చేది ఆవిడే. పద్దెనిమిదేళ్ళుగా అదే కొలువు. పర్మిషన్ కావాల్సిన వాళ్ళంతా ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే, పని అయ్యాక ముఖం చాటేసేవాళ్ళే.

సర్వర్ ఉండేది కింది అంతస్తులో, మెట్ల కింద గదిలో. రెండు కుర్చీలు పడితే మూడో మనిషి బయట నిలబడాలి. మూలనున్న ఫ్యానుకు ఏదో రెక్క వదులైంది. టక్ టక్ టక్ అని మూడుసార్లు కొట్టి, క్షణం ఊపిరి పీల్చుకుని మళ్ళీ మొదలెడుతుంది. బాగుచేయించమని ఆవిడ ఎనిమిదేళ్ళుగా కాగితాలు పెడుతూనే ఉంది. ఆ కాగితాలన్నీ ఒకచోట పేర్చి ఉంటే ఫ్యాను తిరక్కుండా అడ్డం పెట్టడానికైనా పనికొచ్చేవి. మొబైల్‌కి అక్కడ సిగ్నల్ అందదు. గోడకు తగిలించిన పాత ఫోనే దిక్కు.

ఆ సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి, నెలకోసారి చేసినట్టే, ఆవిడ సర్వర్‌ని ఆపి మళ్ళీ లేపింది. అన్నీ ఒక్కొక్కటే లేచాయి. వంతు మాత్రం లేవలేదు.

వంతు అంటే ఆ ఊరికి ప్రాణం లాంటి చిన్న ప్రోగ్రాం. రోజూ సాయంత్రం నాలుగింటికి ఏ వీధికి ఎన్నింటికి నీళ్ళు వదలాలో లెక్కగట్టి, వాల్వులు తిప్పే వాళ్ళకీ ఇళ్ళవాళ్ళకీ మెసేజీలు పంపుతుంది. మెసేజీ రానిదే వాల్వు తిప్పకూడదని ఆఫీసు ఆర్డరు. పల్లపు వీధుల వాళ్ళకి ఒక పూట ఆలస్యమైనా కొంపలేం మునగవు, తొట్లలో ఎంతో కొంత ఉంటుంది. గట్టు మీద వీధులు అలా కాదు. ఐదింటికి పంపు వేసి తోస్తేనే అక్కడికి నీళ్ళు ఎక్కుతాయి. ఆ పూట తప్పితే మళ్ళీ మూడో రోజే.

ఆవిడ సర్వర్ చెప్పుకున్న కారణం చదివింది. ఈ సర్వీసు ఫలానా యూజర్ పేరు మీద నడవాలి, ఆ యూజర్ నాకు దొరకలేదు అని ఉంది. ఆ ఫలానా పేరు ఆవిడ తమ్ముడిది.

ఆవిడ వెంటనే ప్రోగ్రాం ఫైలు ఎవరి పేరు మీద ఉందో చూసింది. మామూలుగా అక్కడ తమ్ముడి పేరు కనిపించాలి. పేరు లేదు, 1012 అని అంకె ఉంది. అకౌంట్ తీసేస్తే అంతే మరి. ఫైలుకి యజమాని నంబరు మాత్రమే తెలుసు. ఆ నంబరు ఎవరిదో చెప్పే పుస్తకంలో వరస కొట్టేస్తే మనిషి పోయి అంకె మిగులుతుంది. ఆదివారం హెడ్డాఫీసు వాళ్ళు, ఉద్యోగం మానేసిన వాళ్ళ అకౌంట్లన్నీ ఒకేసారి తుడిచేశారు. అప్పటికే నడుస్తున్న వంతుకి ఆ సంగతి తెలియక రాత్రంతా నడుస్తూనే ఉంది. పొద్దున ఆవిడ ఆపి లేపేసరికి దానికి తెలిసొచ్చింది.

పైనుంచి కొత్త ఆఫీసరు దిగి వచ్చాడు. వయసు ముప్ఫై దాటదు, మాటలో మర్యాద ఉంది, కాలు నిలవదు. గుమ్మంలోనే నిలబడి అడిగాడు.

"ఆయన మానేసి ఆరేళ్ళయిందట కదా మేడమ్. ఇంతకాలం సర్వీసు ఆయన పేరు మీదే ఎందుకు నడిపించారు?"

"మార్చాలనుకుంటూనే ఉన్నాను సార్. పని ఒత్తిడిలో…"

అబద్ధం. ఆ మార్పు గట్టిగా గంట పని. ఆరేళ్ళలో ఆవిడకి గంట తీరిక దొరకలేదంటే ఆ ఫ్యాను కూడా నమ్మదు.

అసలు కారణం ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదు. సోమవారం పొద్దున సర్వర్‌లో ఏమేం నడుస్తున్నాయో జాబితా తీసినప్పుడు, ఎడమ వైపు వరసలో, ఏ ప్రోగ్రాం ఎవరిదో పేర్లు వస్తాయి. పాతిక వరసల మధ్య ఒకచోట తమ్ముడి పేరు ఉండేది. దాని మీద చూపు పడగానే ఆవిడకి వాడు ఎక్కడో పక్క గదిలో ఉన్నాడనిపించేది. ఉన్నాడు, పని చేస్తున్నాడు, ఇవాళ కూడా ఊరికి నీళ్ళు పంపుతున్నాడు అనుకునేది. ఆ ఒక్క వరస కోసమే ఆవిడ అకౌంట్ తీయలేదు, సర్వీసు మార్చలేదు. మొగుడు మొదట్లో ఏడాదికోసారైనా అనేవాడు, "అంత బెంగ ఉన్నప్పుడు ఫోన్ చెయ్యొచ్చుగా?" అని. తర్వాత తర్వాత ఆయన కూడా అడగడం మానేశాడు.

అక్కాతమ్ముళ్ళకి తొమ్మిదేళ్ళ తేడా. వాళ్ళమ్మ ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే చోట షిఫ్టుల్లో పనిచేసేది. వాడికి జడలు వేయలేదన్న మాటే గాని, తక్కిన పెంపకమంతా ఈవిడదే. తల దువ్వింది, ఎక్కాలు చెప్పింది, బడిలో కొట్టుకొస్తే వెళ్ళి పెద్ద మనిషిలా తగువు తీర్చింది. ఇంట్లో ఇద్దరికీ కలిపి ఒకే బీరువా. పై అర ఈవిడది, కింది అర వాడిది. తాళం ఎప్పుడో పాడైంది. ఒకరి అరలో ఇంకొకరు చెయ్యి పెట్టకూడదన్నది ఆ ఇంటి చట్టం. కింది అరలో వాడు ఏం దాచుకునేవాడో ఆవిడకి ఈనాటికీ తెలియదు.

పెద్దయ్యాక గురుశిష్యుల వరస తిరగబడింది. వాడు కంప్యూటర్లు చదివి అదే ఆఫీసుకి వచ్చాడు. అప్పటిదాకా పుస్తకాల్లో రాసి నెట్టుకొస్తున్న నీళ్ళ వంతులకి ప్రోగ్రాం రాశాడు. సర్వర్‌ని నడిపే లైనక్స్ అక్కకి నేర్పాడు. "అక్కా, ముందు చూడు. చూసింది రాసుకో. ఆ తర్వాతే ముట్టుకో" అని రోజుకి నాలుగుసార్లు చెప్పేవాడు. ఆవిడ విసుక్కుంటూనే ఒక నోటుపుస్తకం పెట్టుకుంది. ఆఫీసులో అందరూ మేడమ్ అంటుంటే ఆ గదిలో ఒక్కడే అక్కా అనేవాడు. ఆ పిలుపు ఆగిపోయాక ఆవిడకి గదిలో ఎంత ఖాళీ ఉందో తెలిసింది.

ఆపింది ఎవరో కాదు, ఆవిడే.

ఆరేళ్ళ కిందట ఓ మధ్యాహ్నం వంతు ఇలాగే లేవలేదు. ఏదో ఫైలుకి పర్మిషన్ చాలలేదు. తమ్ముడు తినడానికి క్యాంటీన్‌కి వెళ్ళాడు. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఆవిడ వాడి కుర్చీలో కూర్చుంది, వాడి అకౌంట్ తెరిచే ఉంది. ముందు చూడలేదు, రాసుకోలేదు. వాడి ఫోల్డర్ మొత్తానికి ట్రిపుల్ సెవెన్ కొట్టేసింది. అంటే యజమానీ, గుంపూ, దారిన పోయేవాడూ, ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు, తుడిచెయ్యొచ్చు. ఏ తాళం అడ్డమో వెతికే ఓపిక లేక ఇంటి తలుపులన్నీ పీకి పక్కన పెట్టడం. వంతు టక్కున లేచింది. సాయంత్రం సరిచేద్దామనుకుంది, మర్చిపోయింది. పందొమ్మిదో రోజున వేరే సెక్షన్ వాళ్ళు పాత ఫైళ్ళు ఊడ్చే ప్రోగ్రాం ఒకటి నడిపారు. మామూలుగా దానికి ఈ ఫోల్డర్‌లో అడుగు పెట్టే హక్కు లేదు. ఆ రోజు తలుపులే లేవు కదా, వచ్చి వంతుల పట్టిక మొత్తం ఊడ్చుకుపోయింది. గట్టు వీధుల్లో నాలుగు రోజులు నీళ్ళు లేవు. జనం కింది నుంచి బిందెలు మోశారు.

విచారణలో రికార్డు తీస్తే ట్రిపుల్ సెవెన్ కొట్టింది తమ్ముడి అకౌంట్ అని ఉంది. వాడు అక్క వైపు ఒక్కసారి చూశాడు. ఆవిడ బల్ల అంచు వైపు చూసింది. "నా అకౌంటే సార్. నాదే బాధ్యత" అన్నాడు వాడు. ఆవిడ నోరు మెదపలేదు. నెల తిరక్కుండా వాడు ఉద్యోగం మానేసి వేరే ఊళ్ళో పని చూసుకున్నాడు. బస్సు దాకా సాగనంపడానికి వెళ్ళింది. "ఒక్క మాట అంటావనుకున్నానక్కా" అన్నాడు. దానికి ఆవిడ చెప్పిన జవాబు, "బస్సొచ్చింది."

అంతే. తర్వాత వాడి నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఈవిడా ఫోన్ చెయ్యలేదు. వాడి నంబరు నోటికొచ్చు. ఎన్నోసార్లు తొమ్మిది అంకెలు నొక్కి, పదోది నొక్కలేక ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టేసింది.

పదకొండింటికి ఆవిడ నోటుపుస్తకం తెరిచింది. ఏ ఫైలు ఎవరి పేరు మీద, ఏ పర్మిషన్లతో ఉందో ముట్టుకునే ముందు రాసుకుంది. వంతు అని కొత్త అకౌంట్ పెట్టింది. సర్వీసు ఇకనుంచి దాని పేరు మీద నడవాలని మార్చింది. ప్రోగ్రాం ఫైలుని ఆ అకౌంట్‌కి రాసిచ్చింది. రాసిచ్చే ముందు 1012 వైపు కాసేపు చూసింది. అంకె అయినా వాడిదే కదా. మీట నొక్కాక అదీ పోయింది. ఇంతా చేసి లేపితే వంతు మళ్ళీ మొరాయించింది. పర్మిషన్ లేదు అంటుంది. ఎక్కడ లేదో చెప్పదు. దానికి అంతకంటే మాటలు రావు.

ఒంటిగంట దాటాక మెట్ల మీద అడుగుల చప్పుడయింది. గట్టు వీధుల్లో వాల్వు తిప్పే పెద్దాయన. వార్త అప్పుడే గట్టు మీది వీధుల దాకా పాకినట్టుంది.

"ఇవాళ మెసేజీ రాదంటగా అమ్మా? మావాళ్ళు అప్పుడే బిందెలు తోముతున్నారు."

"వస్తుంది బాబాయ్. నాలుగింటికి వస్తుంది."

"నీ మాట మీద వెళ్ళి చెప్తున్నా మరి. కిందటిసారి మోసినప్పుడు పట్టేసిన నడుం ఇంకా వదల్లేదు. మళ్ళీ మొయ్యమంటే నా వల్ల కాదు తల్లీ" అని నవ్వేసి, ఒక చేత్తో నడుం పట్టుకుని మెట్లెక్కాడు. ఆయన నవ్వుతూ అన్నదే ఆవిడకి సూటిగా తగిలింది.

రెండున్నరకి ఆఫీసరు మళ్ళీ దిగాడు. ఈసారి గదిలోకే వచ్చాడు.

"మేడమ్, నాకు తెలిసి సింపుల్. మొత్తానికి ట్రిపుల్ సెవెన్ కొట్టేయండి. ఇవాళ్టికి గండం గట్టెక్కుతుంది. రేపు తీరిగ్గా సరిచేసుకోవచ్చు."

ఆవిడ కుర్చీ తిప్పి ఆయన ముఖంలోకి చూసింది.

"కొట్టను సార్."

"ఎందుకని?"

"ఆరేళ్ళ కిందట కొట్టాను కాబట్టి. గట్టు వీధులకి నీళ్ళు ఆగిపోయాయి కదా, ఆ విచారణ ఫైల్లో మా తమ్ముడి పేరు రాశారు. కొట్టింది వాడు కాదు, నేను. వాడి కుర్చీలో కూర్చుని వాడి అకౌంట్‌లో కొట్టాను. విచారణలో వాడు మీదేసుకుంటే నోరుమూసుకుని కూర్చున్నాను."

ఫ్యాను మూడుసార్లు కొట్టుకుని ఆగింది. ఆఫీసరు చేతి గడియారం చూసుకున్నాడు.

"అది… అది తర్వాత మాట్లాడదాం మేడమ్. ముందు నాలుగింటికి లేస్తుందా లేదా?"

"లేస్తుంది."

"ఇందాక చెప్పింది మాత్రం కాగితం మీద రాసివ్వాల్సి ఉంటుంది."

"రాసిస్తాను సార్."

ఆయన వెళ్ళిపోయాడు. ఆరేళ్ళు గొంతులో పెట్టుకుని తిరిగిన మాట అరనిమిషంలో అయిపోయింది. ఇంతేనా అనిపించింది ఆవిడకి. ఇంతేనని తెలిస్తే ఆ రోజే అనేదాన్ని కదా అనిపించి, ఏడుపొచ్చింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని స్క్రీన్ వైపు తిరిగింది.

ఎక్కడ తన్నేస్తోందో ఆవిడకి పొద్దున్నుంచీ తెలుసు. ఇంట్లో గది తాళం తీసినంత మాత్రాన సరిపోదు, వీధి గేటు మూసుంటే లోపలికి పోలేం. సర్వర్‌లోనూ అంతే. ఫైలు దాకా దారిలో ఉన్న ప్రతి ఫోల్డర్ దాటనివ్వాలి. ప్రోగ్రాం ఉన్నది తమ్ముడి సొంత ఫోల్డర్‌లో. దారి తెలుసు కాబట్టి ఇంతసేపూ, సర్వర్‌లో అన్నిటికంటే పెద్దదైన రూట్ అధికారంతో నేరుగా లోపలి ఫైలునే సరిచేస్తూ కూర్చుంది గాని, వాడి ఫోల్డర్ వైపు కన్నెత్తి చూడలేదు. ఇవాళే కాదు, ఆరేళ్ళలో ఎన్నడూ చూడలేదు. రూట్‌కి అన్ని తలుపులూ తెరుచుకుంటాయి. అందుకే పిలవని ఇంట్లోకి తొంగి చూడకూడదన్నది ఈ పని చేసేవాళ్ళ మర్యాద. వాడి అరలో చెయ్యి పెట్టను అనుకునేది. పైకి అది మర్యాద, లోపల మాత్రం భయం. అందులో తన గురించి ఏం రాసి ఉంటుందోనన్న భయం.

పై నుంచి ఒక్కో మెట్టే దారి చూసుకుంటూ దిగింది. మొదటిది అందరికీ తెరిచే ఉంది. రెండోదీ తెరిచే ఉంది. మూడోది తమ్ముడి ఫోల్డర్. యజమాని చోట 1012. బయటివాళ్ళకి పూర్తిగా మూత. వంతుకి అడ్డం పడ్డది ఇదే. ఆవిడ అలవాటుగా నోటుపుస్తకంలో రాసుకోబోతూ ఆగిపోయింది.

మూడు వాటాలుంటాయి దేనికైనా. యజమానికి, గుంపుకి, మిగతా లోకానికి. గుంపు చోట మామూలుగా ఎవరి ఫోల్డర్‌కి వాళ్ళ పేరే ఉంటుంది. ఇక్కడ ఆవిడ పేరు ఉంది. పక్కనే, గుంపు లోపలికి రావొచ్చు, చదవొచ్చు అని ఉంది.

దానంతట అది అలా అవదు. ఎవరో పనిగట్టుకుని పెడితేనే అవుతుంది. ఎప్పుడు మార్చారో తారీఖు తీసింది. వాడు ఆఫీసుకి వచ్చిన ఆఖరి రోజు, పొద్దున ఎనిమిదీ పదికి. ఆఫీసు తెరిచేది తొమ్మిదింటికి. అందరికంటే ముందు వచ్చి మరీ పెట్టాడన్నమాట.

ఆవిడ రూట్ నుంచి బయటికి వచ్చి, తన మామూలు అకౌంట్‌తో, తన పేరు మీదే, ఆ ఫోల్డర్‌లోకి అడుగుపెట్టింది. ఎవరూ ఆపలేదు. ప్రోగ్రాం కాకుండా ఒక్కటే ఫైలు ఉంది. వాడి అలవాటు ప్రకారం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

"అక్కా, నా అకౌంట్ ఇవాళో రేపో తీసేస్తారు. తీస్తే వంతు లేవదు. దానికంటూ వేరే అకౌంట్ పెట్టు, మళ్ళీ మనిషి పేరు మీద పెట్టకు. ప్రోగ్రాంని ఈ ఫోల్డర్‌లోంచి తీసి దాని సొంత చోటికి మార్చు. పాత లాగ్ ఫైలు కూడా కొత్త పేరు మీదికి మార్చాలి, నువ్వు మర్చిపోతావు. ఇందులోకి రావడానికి నీకు రూట్ అక్కర్లేదు. నీ పేరు మీదే వచ్చేలా పెట్టాను. నాకు కోపం ఉంది. ఉంటే ఉంది. ఇది చూసిన రోజు ఫోన్ చెయ్యి. నా అంతట నేను చెయ్యను."

మర్నాడే చూస్తుందనుకుని ఉంటాడు. వారం చూసి ఉంటాడు. అక్క చదివింది, చదివీ చెయ్యలేదు అనుకుని ఉంటాడు. ఆరేళ్ళుగా వాడు అలాగే అనుకుంటూ ఉన్నాడు. కింది అర ఆవిడ కోసమే తెరిచిపెట్టి, ఆవిడ చెయ్యి పెట్టలేదని అలిగి కూర్చున్నాడు. ఆవిడేమో తన మర్యాదకి తనే మురిసిపోతూ, బయట నిలబడి వాడి పేరు చూసుకుంటూ కాలక్షేపం చేసింది.

ఏడవడానికి అప్పుడు తీరిక లేదు. గోడ గడియారం మూడూ పది అంటోంది. వాడు చెప్పిన వరసలోనే చేసింది. ప్రోగ్రాంని కొత్త చోటికి తరలించింది. అవసరమైన వాళ్ళకి అవసరమైనంత పర్మిషన్ ఇచ్చింది, వెంట్రుకవాసి ఎక్కువ ఇవ్వలేదు. వంతు రోజూ చేసిన పని రాసుకునే ఆ లాగ్ ఫైలు సంగతి నిజంగానే మర్చిపోయేది. వాడి మాట గుర్తొచ్చి దాన్నీ మార్చింది. మూడూ ముప్ఫై ఎనిమిదికి లేపింది. వంతు లేచి నిలబడింది. జాబితా తీసి చూస్తే, తమ్ముడి పేరు ఉండే వరసలో ఇప్పుడు వంతు అని ఉంది.

నాలుగు కొట్టగానే మెసేజీలు వెళ్ళిపోయాయి. రెండు నిమిషాలకి గోడ ఫోన్ మోగింది. పెద్దాయన. "వచ్చిందమ్మా, చల్లగా ఉండు" అని పెట్టేశాడు.

ఆవిడ రిసీవర్ చేతిలోంచి దించలేదు. దించితే మళ్ళీ ఎత్తలేనని ఆవిడకి తెలుసు. తొమ్మిది అంకెలు నొక్కింది. పదోది కూడా నొక్కింది.

చాలాసేపు మోగింది. నంబరు మారిపోయిందేమో, ఆరేళ్ళు ఎవరు ఒకే నంబరు పెట్టుకుంటారు అనుకుంటుండగా, అవతల ఎత్తారు.

"హలో."

గొంతు ఆరేళ్ళలో కాస్త ముదిరింది. వాడిదే.

"హలో? ఎవరండీ?"

ఏం చెప్పాలో పొద్దున్నుంచీ కాదు, ఆరేళ్ళుగా కూడబెట్టుకుంది. చెప్పాను రా, ఇవాళ ఆఫీసరుకి చెప్పేశాను అందామనుకుంది. ఒక్కటీ పెదవి దాటలేదు. ఆవిడ పలక్కపోయేసరికి గదిలో ఫ్యాను ఒక్కటే వినిపించింది. టక్ టక్ టక్. ఆగింది. మళ్ళీ టక్ టక్ టక్.

వాడు పెట్టేశాడనుకుంది.

"ఆ ఫ్యాను ఇంకా బాగుచేయించలేదా అక్కా?" అన్నాడు.

"లేదురా" అంది ఆవిడ. వాడు ఫోన్ పెట్టలేదు.